ఆ మూడో బటన్: వర్డ్ మల్టీలెవెల్ లిస్ట్‌తో మూడు రాత్రులు

ఇరవై ఏళ్లుగా వర్డ్‌లోనే నా బతుకు. ఆఫీసులో నోట్ ఫైళ్లు, ప్రొసీడింగ్సు, మెమోలు రోజూ కొడుతూనే ఉంటాను. సెక్షన్‌లో ఎవరికి మార్జిన్ జరిగినా, టేబుల్ పక్క పేజీలోకి పారిపోయినా నన్నే పిలుస్తారు. అలాంటి నేను హోమ్ ట్యాబ్‌లో బుల్లెట్లు, నంబర్లు అయ్యాక పక్కన మెట్లుమెట్లుగా గీతలతో ఉండే ఆ మూడో బటన్‌ని మొన్నటిదాకా నొక్కి ఎరగను. ఎప్పుడో ఒకటి రెండుసార్లు నొక్కి ఉంటానేమో, ఏదో కంగాళీ అయితే కంట్రోల్ జెడ్ కొట్టి బయటపడి ఉంటాను. దాని పేరు మల్టీలెవెల్ లిస్ట్. ఈ రివ్యూ దాని గురించే. మధ్యలో ఒక డీటీపీ షాపు గురించి కూడా కొంచెం వస్తుంది, ఎందుకంటే కథ అక్కడ మొదలైంది.

మా మరదలు పొందూరులో ఉంటుంది. తెలుగులో పీహెచ్‌డీ చేస్తోంది, పొందూరు ఖద్దరు నేసేవాళ్ల నోట వినబడే మాటల మీద. ఏకు, కండె, ఆసు, పడుగు, పేక, నాడె, అచ్చు, ఒక్కో పనికి ఎన్ని మాటలో, ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చింది. అది చదువుతుంటే నాకే ముచ్చటేసింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చిన్నప్పుడు చూశాను గానీ, ఆ ఒక్క పనికే ఇంత పదకోశం ఉందని తెలీదు. సరే, ఆ చేతిరాత కట్టని శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక డీటీపీ షాపులో ఇచ్చాం. పేరు చెప్పను, పాపం టైపింగ్ మాత్రం బాగా చేశాడు. ఒత్తులు, అరసున్నాలు కూడా సరిగ్గా పడ్డాయి. యూనికోడ్‌లోనే కొట్టాడు, అదీ మంచిదే. రెండొందల పన్నెండు పేజీలు, పేజీకి పదిహేను రూపాయలు.

మొత్తం అయిపోయిందనుకుని గైడ్ గారికి చూపిస్తే ఆయన ఒక్క మాటన్నారట: "మూడో అధ్యాయం బరువెక్కువైందమ్మా, నూలు వరకూ ఒకటి, నేత ఒకటి, రెండు చెయ్యి." చిన్న మాటే కదా అనుకున్నాం. ఏకై వచ్చి మేకై కూర్చుంది. మూడోది రెండైతే నాలుగు అయిదవుతుంది, అయిదు ఆరవుతుంది, 4.2.1 వెళ్లి 5.2.1 కావాలి, పటాల కింద నంబర్లు మారాలి, లోపల ఎక్కడెక్కడో "3.4లో చెప్పినట్టు" అని రాసినవన్నీ మారాలి, విషయసూచిక సరే సరి. షాపుకి వెళ్తే ఆ కుర్రాడు తల గోక్కుని, "మళ్లీ మొత్తం చూడాలండి, పేజీకి అయిదు రూపాయలు పడుద్ది, పదిరోజులు టైమివ్వండి" అన్నాడు. డబ్బు కాదు గానీ పదిరోజులు లేవు. శుక్రవారం సాయంత్రం మరదలు పెన్‌డ్రైవ్ పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. "బావా, నువ్వే ఏటైనా చెయ్యాల" అంది. నేనేమో మహా తెలిసినవాడిలా "ఇదేటి అమ్మీ, గంట పని" అన్నాను. ఆ గంట మూడు రాత్రులు పట్టింది.

ఫైలు తెరిచి చూస్తే అసలు సంగతి తెలిసింది. నంబర్లన్నీ చేత్తో కొట్టినవే. "3.2.1" అని కొట్టి, నాలుగు స్పేసులు కొట్టి, పేరు రాసి, బోల్డ్ చేసి, సైజు పద్నాలుగు పెట్టాడు. హెడింగ్ స్టైల్ అన్నది, అంటే ఇది శీర్షిక అని వర్డ్‌కి చెప్పే గుర్తు, ఒక్కదానికీ లేదు, అన్నీ మామూలు పేరాలకుండే నార్మల్ స్టైలే. అంటే వర్డ్ దృష్టిలో ఆ రెండొందల పేజీల్లో ఒక్క శీర్షిక కూడా లేదు, కొంచెం లావుగా ఉన్న పేరాలున్నాయంతే. ఆ కుర్రాణ్ని అనలేను, మా ఆఫీసులో నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నదీ అదే.

ఇప్పుడు అసలు సరుకు గురించి. ఈ మల్టీలెవెల్ లిస్ట్ అన్నది కొత్తదేం కాదు. 2003 వర్డ్‌లో బుల్లెట్స్ అండ్ నంబరింగ్ విండోలో ఔట్‌లైన్ నంబర్డ్ అని ఒక ట్యాబ్ ఉండేది, 2007లో పైన రిబ్బన్ అనే బటన్ల పట్టీ వచ్చాక అదే ఈ బటన్ అయింది. చేసేది ఒకటే పని: మొదటి మెట్టు 1, రెండో మెట్టు 1.1, మూడోది 1.1.1, ఇలా తొమ్మిది మెట్ల దాకా లెక్క అదే చూసుకుంటుంది. మధ్యలో ఒకటి దూర్చినా, ఒకటి తీసేసినా మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా, ఈ మెట్లని హెడింగ్ స్టైళ్లకి కట్టాలి అన్నది. అది కట్టకుండా బటన్ నొక్కితే ఆ పూటకి నంబర్లు వస్తాయి, రేపు చెడతాయి. మరదలి భాషలో చెప్పాలంటే స్టైల్ పడుగు, లిస్టు పేక. ఒక్కటే ఉంటే అది దారమే, గుడ్డ కాదు.

కట్టేది ఎక్కడో తెలుసా? దాచిపెట్టినట్టే ఉంటుంది. బటన్ నొక్కితే ముందు చిన్నచిన్న బొమ్మల గళ్లు వస్తాయి. చాలామంది అక్కడే ఏదో ఒకటి నొక్కి వెళ్లిపోతారు. వాటికింద డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్ అని ఉంటుంది, అది నొక్కాలి. విండో వస్తుంది. అందులోనూ అసలు గడి కనబడదు. ఎడమవైపు అడుగున మోర్ అని ఒక బటన్, అది నొక్కితే విండో కుడివైపుకి పెరిగి అప్పుడు బయటపడుతుంది: లింక్ లెవెల్ టు స్టైల్. మొత్తం విండోకి ప్రాణం ఈ గడి. దాన్ని మోర్ వెనక ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. బీరువా తాళాన్ని బీరువాలోనే పెట్టినట్టుంది. నా మొదటి రాత్రంతా ఆ మోర్ నొక్కకుండానే గడిచిపోయింది, అది నా తెలివి.

నేను చేసిన వరస చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు హెడింగులకి స్టైళ్లు పెట్టాలి. ఒక్కోటీ వెతుక్కుంటూ పోతే తెల్లారిపోతుంది. షాపు కుర్రాడు పద్ధతిగానే కొట్టాడు కాబట్టి, ఒక్కో మెట్టు శీర్షికలన్నిటికీ ఒకే సైజు ఒకే బోల్డ్ కాబట్టి, ఒక హెడింగ్ మీద కర్సర్ పెట్టి హోమ్ ట్యాబ్ చివర సెలెక్ట్ అనే దాంట్లో ఒకేలాంటి ఫార్మాటింగ్ ఉన్నవన్నీ ఎంచుకొనే ఆప్షన్ ఉంది, అది నొక్కితే ఒక్కసారిగా అరవై మూడు శీర్షికలు నీలంగా మారాయి. అప్పుడు కంట్రోల్ ఆల్ట్ 2. అన్నీ హెడింగ్ 2 అయిపోయాయి. కంట్రోల్ ఆల్ట్ 1, 2, 3 ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే చాలు, మౌస్ ముట్టక్కర్లేదు. ఆ క్షణంలో నేను వంటింట్లో ఉన్న మా ఆవిణ్ని కేకేసి మరీ పిలిచి చూపించాను. ఆవిడ చూసి, "అయితే అన్నానికి రండి" అంది.

తర్వాత మొదటి అధ్యాయం పేరు మీద, అంటే హెడింగ్ 1 మీదే, కర్సర్ పెట్టాలి. ఇది ముఖ్యం. ఎప్పుడు ఈ విండోలోకి వెళ్లినా హెడింగ్ 1 మీద నిలబడే వెళ్లాలి, నంబర్లు మొదలయ్యేది అక్కడే కాబట్టి. వెళ్లి, ఎడమవైపు 1 నుంచి 9 దాకా ఉన్న అంకెల్లో 1 నొక్కి, దాన్ని హెడింగ్ 1కి కట్టాను. 2 నొక్కి హెడింగ్ 2కి, 3 నొక్కి హెడింగ్ 3కి. అంతకంటే లోతు మాకు అక్కర్లేదు.

ఇక నంబర్ ఎలా కనబడాలో చెప్పే పొడుగు గడి ఒకటుంటుంది, దాంతోనే అందరూ తన్నుకుంటారు. అందులో 1 అని బూడిదరంగులో ఉంటుంది. ఆ బూడిద 1 మామూలు అంకె కాదు, అది లెక్కపెట్టే అంకె. నాకు "అధ్యాయం 1" కావాలి. నేనేం చేశాను, ఉన్నది చెరిపేసి శుభ్రంగా "అధ్యాయం 1" అని కొట్టాను. ఓకే నొక్కి చూస్తే ఆరు అధ్యాయాలూ అధ్యాయం 1 అయి కూర్చున్నాయి. మరదలు పక్కన కూర్చుని చూస్తోంది, నవ్వలేదు గానీ మొహం అటు తిప్పుకుంది. చెయ్యాల్సింది ఏంటంటే ఆ బూడిద అంకెని ముట్టకుండా దానికి ముందు కర్సర్ పెట్టి "అధ్యాయం" అని కొట్టి ఒక స్పేసు ఇవ్వాలి. పొరపాటున చెరిపేస్తే, కిందనే నంబర్ స్టైల్ అని ఉన్న గడిలో 1, 2, 3 మళ్లీ ఎంచుకుంటే బూడిద అంకె తిరిగొస్తుంది.

రెండో మెట్టులో 1.1 కావాలంటే కూడా చేత్తో 1 చుక్క కొట్టకూడదు. ఇన్‌క్లూడ్ లెవెల్ నంబర్ ఫ్రమ్ అనే గడిలో లెవెల్ 1 ఎంచుకుంటే పై మెట్టు అంకె వస్తుంది, చుక్క మనం పెట్టుకోవాలి, తర్వాత నంబర్ స్టైల్‌లో ఈ మెట్టు అంకె ఎంచుకోవాలి. మొదటి మెట్టులో "అధ్యాయం" అనే మాట ఉన్నా, కిందికి అంకె ఒక్కటే దిగుతుంది, "అధ్యాయం 1.1" అవదు. అది చూసి అమ్మయ్య అనుకున్నాను, దాని గురించే టెన్షన్ పడ్డాను.

రోమన్ అంకెల గొడవ ఒకటి. గైడ్ గారు మధ్యలో, అధ్యాయాలకి రోమన్ పెడితే నిండుగా ఉంటుందేమో అన్నారు. పెట్టాం. పెట్టగానే కింద III.2.1 అని వచ్చింది, చూడ్డానికి తాంబూలంలో తుమ్మముల్లులా. అప్పుడు దొరికింది లీగల్ స్టైల్ నంబరింగ్ అనే చిన్న టిక్కు. పేరు చూస్తే కోర్టు కాగితాలకేమో అనుకుంటాం. కాదు, రెండో మెట్టు, మూడో మెట్టు మీద అది టిక్కు పెడితే పైన రోమన్ ఉన్నా కింద మాత్రం 3.2.1 అని మామూలు అంకెలే వస్తాయి. ఇంత మంచి పని చేసేదానికి ఆ పేరేంటో. ఆఖరికి గైడ్ గారు రోమన్ వద్దులే అన్నారు, అది వేరే విషయం.

ఇంకొకటి. నంబరుకీ పేరుకీ మధ్య ఖాళీ. ఊరికే వదిలేస్తే వర్డ్ అక్కడ ట్యాబ్ పెడుతుంది. "అధ్యాయం 1" పొడుగు మాట కాబట్టి ట్యాబ్ దాటిపోయి, పేరు ఎక్కడో దూరంగా వెళ్లి పడింది. ఫాలో నంబర్ విత్ అనే గడిలో ట్యాబ్ తీసి స్పేస్ పెడితే సరి. దూరాలు మెట్టు మెట్టుకీ విడిగా కొలవక్కర్లేదు, సెట్ ఫర్ ఆల్ లెవెల్స్ అని ఉంది, ఒక్కసారి సున్నాలు పెట్టేస్తే అన్నీ ఎడమ అంచుకి వచ్చేస్తాయి. రూలరు పట్టుకుని ఆ చిన్న త్రికోణాలు లాగడం మాత్రం వద్దు. నేను లాగాను. లాగిన ఆ ఒక్క శీర్షిక మిగతావాటితో కలవక, చంటిపిల్లాడిలా మంకుపట్టు పట్టింది.

తెలుగువాళ్లకి మాత్రమే వచ్చే కష్టం ఒకటుంది, ఇంగ్లీషు వీడియోల్లో ఎక్కడా చెప్పరు. "అధ్యాయం" ఒక సైజులో, పక్కన అంకె ఇంకో సైజులో వచ్చింది. అదే విండోలో ఫాంట్ అని బటన్ ఉంది, అది నొక్కితే లాటిన్ అక్షరాలకి వేరే గడి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కి వేరే గడి ఉంటాయి. తెలుగు రెండోదాని కిందికి వస్తుంది, అంకె మొదటిదాని కిందికి. రెండు చోట్లా సైజు, బోల్డు సమానం చెయ్యాలి. ఒకచోటే మార్చి ఇంకోచోటు మరిచిపోతే జోళ్లలో ఒకటి వీధిలో ఒకటి ఇంట్లో వదిలినట్టే. మేము తెలుగుకి గౌతమి ఫాంటు తీసేసి నిర్మల ఫాంటు పెట్టాం, అంకె కూడా అందులోదే. బాగా కలిసింది.

రెండో రాత్రి ఒక వింత. 4.3 ఒక్కటే ఎర్రగా ఉంది. పేరు నల్లగా ఉంది, నంబరు మాత్రం ఎరుపు. నంబర్ని సెలెక్ట్ చేద్దామంటే అవదు, అది రాసిన అక్షరం కాదు కదా. ఎంత వెతికినా ఎరుపు ఎక్కణ్నుంచి వస్తోందో తెలీలేదు. పదకొండున్నరకి, కంట్రోల్ షిఫ్ట్ 8 కొట్టి పేరా గుర్తులు కనబడేలా చేస్తే తెలిసింది. ఆ వాక్యం చివర ఉన్న పేరా గుర్తు ఎర్రగా ఉంది. గైడ్ గారు ఎప్పుడో దిద్దమని ఎరుపు చేసిన ముక్కని షాపులో నలుపు చేశారు గానీ, ఆ చివరి గుర్తు వరకూ వెళ్లలేదు. నంబరు తన రంగు, లావు ఆ గుర్తు నుంచే తెచ్చుకుంటుందట. ఆ ఒక్క గుర్తుని సెలెక్ట్ చేసి నలుపు చేస్తే నంబరు నల్లబడింది. ఇది తెలియకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది, తెలిస్తే రెండు సెకన్లు.

పాత చేతి నంబర్లు తీసేయడం అసలు చాకిరీ. ఇప్పుడు ఒక్కో శీర్షికకి రెండు నంబర్లు, "3.2 3.2 వాలుగ దవడతో దువ్వడం" అని. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో తీసేద్దామని మామూలుగా మొదలుపెడితే పట్టికల్లో ఉన్న కొలతలు కూడా ఎగిరిపోయాయి, కంట్రోల్ జెడ్ దేవుడు కాపాడాడు. తర్వాత తెలిసింది, ఆ విండోలో కూడా మోర్ నొక్కి, ఫార్మాట్‌లో స్టైల్ దగ్గర హెడింగ్ 2 అని పెడితే వెతుకులాట ఆ శీర్షికల్లోనే జరుగుతుంది. ఏ అంకె ఉన్నా పట్టుకునే వైల్డ్‌కార్డ్స్ టిక్కు పెట్టి అంకెలూ చుక్కలూ వెతికి తీసేయమంటే తీసేసింది. అయినా రీప్లేస్ ఆల్ కొట్టొద్దు, ఒక్కోటీ చూసుకుంటూ వెళ్లండి. మాకు ఒక శీర్షికలో "24 ఆకుల రాట్నం" అని ఉంది. ఆ 24 పోయుంటే మరదలు నన్ను ఊరు దాటనిచ్చేది కాదు.

కృతజ్ఞతలు, విషయసూచిక లాంటి వాటికి నంబరు ఉండకూడదు. వాటికి హెడింగ్ 1 పెడితే "అధ్యాయం 1 కృతజ్ఞతలు" అయిపోతుంది. నార్మల్ మీద ఆధారపడ్డ కొత్త స్టైల్ ఒకటి చేసి, పేరా సెట్టింగుల్లో ఔట్‌లైన్ లెవెల్ 1 ఇచ్చాం. నంబరు ఉండదు, సూచికలోకి మాత్రం వస్తుంది. అనుబంధాలకి ఇంకో ఉపాయం, వాడని మెట్టు ఒకటి, మేము ఏడోది తీసుకున్నాం, దాన్ని హెడింగ్ 7కి కట్టి ముందు "అనుబంధం" అని రాసుకోవడం. అక్కడ రీస్టార్ట్ లిస్ట్ ఆఫ్టర్ టిక్కు తీసెయ్యాలి, పై మెట్టు మారినప్పుడల్లా అది మళ్లీ ఒకటి నుంచి మొదలవకుండా. సూచిక ఆప్షన్లలో హెడింగ్ 7 ఎదురుగా 1 అని రాస్తే అధ్యాయాలతో సమానంగా కూర్చుంటుంది. ఇది నాకు తట్టింది కాదు, మా అన్నయ్యగారబ్బాయి ఫోన్లో చెప్పాడు.

ఇంత చాకిరీ ఎందుకంటే, ఇదిగో ఇందుకు. మూడో రాత్రి అసలు పని, అంటే మూడో అధ్యాయం రెండుగా చీల్చడం. వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ టిక్కు పెడితే ఎడమవైపు శీర్షికలన్నీ వరసగా చెట్టులా కనబడతాయి. "ఆసు పోయడం" ముందు ఒక లైను తెరిచి "మగ్గం మీద" అని రాసి కంట్రోల్ ఆల్ట్ 1 కొట్టాను. కొట్టగానే అది అధ్యాయం 4 అయింది, ఆసు పోయడం 3.6గా ఉన్నది 4.1 అయింది, దాని కింద పడుగు, పేక, అచ్చు అన్నీ వరసలోకి వచ్చాయి, పాత నాలుగు అయిదైంది. అంతా ఒక్క రెప్పపాటు. మరదలు "ఓలమ్మో" అంది. తర్వాత "ఏకులు చుట్టడం" అన్న ముక్కని ఆ పేన్‌లోనే పట్టుకుని "వడకడం" పైకి లాగి వదిలాను. శీర్షికతోపాటు దానికింద ఉన్న నాలుగు పేజీలూ, రెండు పటాలూ కదిలి వెళ్లాయి. కట్టూ పేస్టూ లేదు. గైడ్ గారు ఇంకో పదిసార్లు మనసు మార్చుకున్నా పర్వాలేదనిపించింది.

పటాలకి కూడా ఇదే పనికొచ్చింది. రెఫరెన్సెస్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్ దగ్గర "పటం" అని కొత్త లేబుల్ చేసుకుని, నంబరింగ్‌లో అధ్యాయం నంబరు కలపమని టిక్కు పెడితే పటం 3-1, 3-2 అని అదే రాస్తుంది. గీత బదులు చుక్క కావాలంటే అక్కడే మార్చుకోవచ్చు. హెడింగులకి నంబర్లు సరిగ్గా కట్టి ఉంటేనే ఇది నడుస్తుంది. "3.4లో చెప్పినట్టు" లాంటివి క్రాస్ రెఫరెన్స్‌తో, అంటే శీర్షిక నంబరు మారితే తనూ మారేలా, పెట్టాం, అవి ముప్పై దాకా ఉన్నాయి, అది మాత్రం ఓపిక పని. అన్నీ అయ్యాక కంట్రోల్ ఏ కొట్టి మొత్తం ఎంచుకుని ఎఫ్ 9 నొక్కితే కొత్త నంబర్లు వచ్చేస్తాయి. ల్యాప్‌టాప్‌లో అయితే చాలావాటికి ఎఫ్ఎన్ కూడా నొక్కాలి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కంట్రోల్ ఏ కొడితే ఫుట్‌నోట్లు అందులో పడవు. ఫుట్‌నోట్లలో క్రాస్ రెఫరెన్సులు ఉంటే అక్కడికి వెళ్లి విడిగా చెయ్యాలి. ఇది ప్రింటు తీశాక తెలిసింది, మూడు పేజీలు మళ్లీ తీశాం.

చెయ్యకూడనివి కొన్ని. నంబరు మీద రైట్ క్లిక్ కొడితే రీస్టార్ట్ ఎట్ 1 అని వస్తుంది, చేతులు దురదపెట్టినా నొక్కొద్దు, అక్కణ్నుంచి లెక్క రెండుగా చీలిపోతుంది. శీర్షిక మొదట్లో కర్సర్ పెట్టి ట్యాబ్ కొడితే అది పక్కకి జరగడం కాదు, మెట్టు దిగిపోతుంది, హెడింగ్ 2 కాస్తా 3 అవుతుంది. కావాలనే దింపాలంటే ఆల్ట్ షిఫ్ట్ కుడి బాణం ఉంది, ఎక్కించాలంటే ఎడమ బాణం. వేరే ఫైలు నుంచి ముక్కలు తెచ్చి అతికించేటప్పుడు కీప్ టెక్స్ట్ ఓన్లీ అని అతికించి, తర్వాత స్టైల్ పెట్టుకోండి. లేకపోతే ఆ ఫైలు నంబర్లూ, దాని అలవాట్లూ, దాని చుట్టాలూ కూడా వచ్చి మన ఇంట్లో దిగుతాయి.

వర్డ్ లాంటిదే ఇంకోటి, లిబ్రేఆఫీస్, దాని సంగతి కూడా చెప్పాలి, మరదలి ల్యాప్‌టాప్‌లో ఉన్నది అదే, ఉచితం కాబట్టి. అందులో టూల్స్ మెనూలో హెడింగ్ నంబరింగ్ అని సూటిగా రాసి ఉంటుంది, పాత వెర్షన్లలో చాప్టర్ నంబరింగ్ అనేవారు. నొక్కగానే మెట్లు పది, ప్రతి మెట్టుకీ హెడింగ్ స్టైల్ ముందే కట్టి ఉంటుంది. ముందు ఏ మాట, తర్వాత ఏ మాట అని విడి గళ్లుంటాయి కాబట్టి నేను చెరిపేసిన బూడిద అంకె లాంటి గండం అక్కడ లేదు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క పనికి గుమ్మం ఎక్కడుందో చెప్పడంలో వర్డ్ కంటే లిబ్రేఆఫీసే నయం. కానీ షాపులో ప్రింటు వర్డ్‌లోంచే తీస్తారు, గైడ్ గారు దిద్దేదీ వర్డ్‌లోనే. ఫైలు అటూ ఇటూ తిప్పితే ఖాళీలు, దూరాలు కొంచెం కొంచెం జరుగుతాయి. ఏదో ఒక ఇంట్లోనే ఉండండి. మేము వర్డ్‌లో ఉన్నాం.

మార్కులంటారా, పనితనానికి అయిదుకి అయిదు ఇస్తాను, దొరికే తీరుకి రెండు. పేర్లు పెట్టిన తీరుకి ఒకటి. ఇరవై పేజీల ప్రాజెక్టుకైతే ఇంత అక్కర్లేదు, ఆ బొమ్మల గళ్లలోనే 1 హెడింగ్ 1, 1.1 హెడింగ్ 2 అని రాసి ఉన్నది ఒకటుంటుంది, అది నొక్కి వదిలేయండి, అది ముందే కట్టి ఇచ్చిందే. యాభై దాటితే మాత్రం మొదటి రోజే కట్టుకోండి, మాలా ఆఖర్న కాదు. డీటీపీ షాపుకి ఇచ్చేటప్పుడు కూడా "హెడింగులు స్టైల్స్‌తో పెట్టు, నంబర్లు చేత్తో కొట్టకు" అని ముందే చెప్పండి. చెప్తే చేస్తారు, ఎవరూ చెప్పక వాళ్లూ చెయ్యరు. బైండింగ్‌కి వెళ్లినప్పుడు ఆ కుర్రాడికి నావిగేషన్ పేన్‌లో అధ్యాయం లాగి చూపించాను. రెండుసార్లు లాగించుకుని చూశాడు. "ఇది ముందే తెలిస్తే ఎన్ని రాత్రులు నిద్రపోదునండీ" అన్నాడు, బైండింగ్‌లో వంద తగ్గించాడు.

సోమవారం ఆఫీసుకెళ్లి, ఇదే ఊపులో పాత ఫైలొకటి తెరిచాను, నేనే కొట్టిన ప్రొసీడింగ్సు, పద్నాలుగు పేజీలు, నంబర్లన్నీ చేత్తో. స్టైల్స్ పెట్టి మూడో బటన్‌కి కట్టి చూస్తే పేరాలు ఇరవై రెండు లెక్క తేలాయి. నేను కొట్టినదాంట్లో ఆఖరి నంబరు ఇరవై ఒకటి. ఏడో పేరా రెండుసార్లు ఉంది. సంతకమై, సీలు పడి, నాలుగు చోట్లకి కాపీలు వెళ్లి అప్పుడే మూడేళ్లయింది.